మేము వేసిన ప్రెసిడెంటు ఓటు



వారం వారం వాక్య ధ్యానం రాసే ఈ చోట ఈసారి ఒక ఒప్పుకోలు రాస్తున్నాము. పోయిన ఆదివారం ప్రభువు బల్ల దగ్గరకు వెళ్ళకముందు మందిరంలో లేచి నిలబడి ఈ సంగతి చెప్పాము. ఆ రోజు రాలేనివారు చాలామంది ఉన్నారు. హైదరాబాదులో, బెంగుళూరులో, కువైట్‌లో ఉన్నవారికి నోటి మాటగా చేరేసరికి ఆ మాటకు నాలుగు తోకలు మొలుస్తాయి గనుక మేమే రాస్తున్నాము.

సర్పంచి అనే మాట మన ఊళ్ళో కాగితాల మీదే. నోటితో అందరూ ప్రెసిడెంటు గారు అనే అంటారు. పెద్దవాళ్ళయితే "పెసిడెంటు" అంటారు. టీవీలో అమెరికా ప్రెసిడెంటు ఎన్నికలు చూపిస్తుంటే మన పేటలో ఒక తాత "అక్కడ కూడా ఇంటికి వెయ్యేనా?" అని అడిగాడు. అందరం నవ్వాము. తరవాత ఆలోచిస్తే ఆ నవ్వు గొంతులో అడ్డుపడింది.

2021 ఫిబ్రవరిలో గెలిచిన ప్రెసిడెంట్ల ఐదేళ్ళు నిండవస్తున్నాయి. నోటిఫికేషను ఇంకా రాలేదు, రిజర్వేషను ఏది పడుతుందో తెలియదు. అయినా రావిచెట్టు అరుగు మీద లెక్కలు మొదలయ్యాయి. పదిహేను రోజుల్లో ఇద్దరు ఆశావహులు మా ఇంటికి వచ్చి వెళ్ళారు. ఒకరు పండ్ల బుట్ట తెచ్చారు. ఇద్దరూ అడిగింది ఒకటే. "అయ్యగారూ, మీ మాట మీద 140 ఓట్లున్నాయి. మీరు ఒక్క మాట అంటే చాలు." వారి మీద మాకు కోపం రాలేదు. మన సంఘం ఓట్లు మా జేబులో ఉంటాయని ఈ ఊరికి నేర్పింది మేమే.

అది ఎలా జరిగిందో చెబుతాము.

ఆ సంవత్సరం మన రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా జరిగాయి. కరోనా మొదటి దెబ్బ నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్నాము. నెలల తరబడి మందిరం మూసి ఉండి, కానుకలు లేక, నేల పెచ్చులు లేచిపోయి ఉంది. మోకాళ్ళూని ప్రార్థించే తల్లులకు గచ్చు గుచ్చుకునేది. అప్పుడు పోటీలో ఉన్న ఒకరు వచ్చి, "అయ్యగారూ, దేవుడి ఇల్లు ఇలా ఉండకూడదు" అన్నారు. వారం తిరగకుండా టైల్స్ దిగాయి. మేస్త్రీ కూలితో కలిపి 38,000 రూపాయల పని. ఆయన మమ్మల్ని ఓటు అడగలేదు. ఒక్క మాటయినా అడగలేదు. అందుకే ఇది లంచం కాదని మా మనస్సుకు మేము సర్దిచెప్పుకున్నాము.

పోలింగుకు ముందు ఆదివారం ఆయన ఆరాధనకు వచ్చారు. ముందుకు పిలిచి, తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించాము. ప్రార్థన వరకూ తప్పు లేదు, ఎవరు వచ్చి అడిగినా చేస్తాము. ఆ తరవాత, "మన మందిరాన్ని జ్ఞాపకం చేసుకున్నవారిని మనమూ జ్ఞాపకం చేసుకోవాలి" అన్నాము. పుల్పిట్ మీద నుంచి అన్నాము, బైబిలు తెరిచి ఉండగా అన్నాము. ఇంకేం చెప్పాలి? హైదరాబాదులో ఉన్న పిల్లలకు కూడా ఫోన్లు వెళ్ళాయి. బస్సు టికెట్లు ఎవరు కొన్నారో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆ రోజు సాయంత్రం లెక్కింపులో ఆయన 31 ఓట్లతో గెలిచారు.

ఇక్కడ ఓడిపోయినావిడ సంగతి చెప్పాలి. డ్వాక్రా సంఘాలకు పన్నెండేళ్ళు లీడరుగా చేసిన మనిషి. మన విశ్వాసం కాదు. నోరు కాస్త పెళుసు. ఆవిడా నామినేషను వేశాక మా ఇంటికి వచ్చారు, ఉత్తచేతులతో, చంకలో ఒక నోటుపుస్తకంతో. "మీ పేటలో జనం ఎక్కడ ఎక్కువ ఇబ్బంది పడుతున్నారో చెప్పండి పాస్టరు గారూ, రాసుకుంటాను" అన్నారు. సమాధుల తోటకు వెళ్ళే దారిలో డ్రెయిను మీద తూము లేదని, వానాకాలంలో నీళ్ళలో దిగి వెళ్ళాల్సి వస్తుందని మేమే చెప్పాము. మా కళ్ళ ముందే రాసుకున్నారు. టీ తాగి వెళ్ళిపోయారు. టైల్స్ వచ్చింది ఆ తరవాత నాలుగో రోజున.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నేలమీద పడిపోయిన ఆ రోజులు డెల్టాలో ఎవరూ మరచిపోరు. ఆ వారంలోనే మన సంఘంలో ఒక మామ్మగారు ప్రభువునందు నిద్రించారు. పేరు రాయము, మీకు తెలుసు. డ్రెయిను పొంగి దారి కనబడలేదు. రెండు రోజులు చూశాము. ఇంక ఉంచే వీలు లేక నాలుగు ట్రాక్టరు ట్యూబులు కట్టి, వాటి మీద పెట్టె పెట్టి, మన కుర్రాళ్ళు నడుములోతు నీళ్ళలో తోసుకుంటూ వెళ్ళారు. మధ్యలో పెట్టె ఒకవైపుకు ఒరిగింది. ఆమె కొడుకు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "అమ్మా, పడిపోవద్దే" అన్నాడు, బ్రతికున్న మనిషితో అన్నట్టు. గుంటలో నీళ్ళు తోడుతూనే ఉన్నాము, ఊరుతూనే ఉన్నాయి. పునరుత్థాన వాక్యం చదవడానికి మాకు నోరు పెగలలేదు. మామ్మగారి నియమ స్తుతి కూటమి అయ్యేవరకూ మేము ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఎందుకంటే ఆ మామ్మగారు 2021లో ఓటు వేసి వస్తూ మా గుమ్మం ముందు ఆగి, "మీరు చెప్పినవాడికే గుద్దానయ్యా" అని వేలిమీద సిరా చూపించి వెళ్ళారు.

ఆ రోజు నుంచి ఆదివారం ఆరాధనలో ఆ టైల్స్ మీద మోకాళ్ళూనినప్పుడల్లా చల్లగా తగిలేది. అయినా రెండేళ్ళు నోరు విప్పలేదు. సంఘంలో గౌరవం పోతుందేమోనన్న భయమే, వేరే కారణం ఏమీ లేదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ ప్రెసిడెంటు గారు దుర్మార్గులేమీ కాదు. 2021 వేసవిలో రెండో వేవ్ వచ్చినప్పుడు మన పేటలో బ్లీచింగు చల్లించారు, వీధి దీపాలు వేయించారు. తూము అడిగినప్పుడల్లా డబ్బు లేదన్నారు. అందులో కొంత నిజం ఉంది. ఆర్థిక సంఘం నిధులు పంచాయతీ ఖాతాల్లో పడకుండానే కరెంటు బకాయిల కింద సర్దేశారని రాష్ట్రమంతటా సర్పంచులు, అన్ని పార్టీలవారూ, అప్పట్లో రోడ్డెక్కారు. అదీ కాక 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన సొమ్ములో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి మాత్రమే వాడవలసి ఉండేది. మిగిలిన 40 శాతమే ఊరి అవసరాన్ని బట్టి వాడుకునేది. ఆ 40 శాతంతో మన ఊళ్ళో ఒక సిమెంటు రోడ్డు పడింది. ఏ వీధిలో పడిందో, ఆ వీధిలో ఎవరి చుట్టాలున్నారో ఇక్కడ రాయడం బాగుండదు. కానీ తూము కంటే ఆ రోడ్డు ముందని గ్రామసభలో ఎవరు తీర్మానించారు? ఎవరూ లేరు. అసలు ఆ గ్రామసభకు మనలో ఎంతమందిమి వెళ్ళాము? మేము వెళ్ళలేదు. ఆ రోజు పక్క ఊళ్ళో సువార్త కూడిక ఉంది.

కాబట్టి మేము చింతిస్తున్నది ఫలానా మనిషికి ఓటు వేసినందుకు మాత్రమే కాదు. రేపు ఆయనే మారుమనస్సు పొంది మంచి ప్రెసిడెంటు అయితే సంతోషిస్తాము. ఆ ఓటును మేము దేనితో తూచాము, ఎంతమంది ఓట్లను మా నాలుకతో తూచాము అన్నదే మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. ఇంటికి వెయ్యి తీసుకున్న పేదవాడు తన ఓటు ఒక్కటే అమ్ముకున్నాడు. మేము 140 మంది ఓట్లు అమ్మి, దానికి దేవుని పేరు పెట్టాము. ఆ వెయ్యి తీసుకున్నవారిని గద్దిస్తూ అదే నెలలో ప్రసంగం కూడా చేశాము. ఆ ప్రసంగం గుర్తున్నవారు మమ్మల్ని క్షమించండి.

సెమినరీలో డిప్లొమా చదివేటప్పుడు న్యాయాధిపతుల గ్రంథం తొమ్మిదవ అధ్యాయం మీద పరీక్ష రాశాము, మంచి మార్కులే వచ్చాయి. గెరిజీము కొండ మీద నిలబడి యోతాము చెప్పిన చెట్ల కథ అది. చెట్లన్నీ తమకొక రాజు కావాలని ఒలీవచెట్టును అడుగుతాయి, అంజూరపుచెట్టును అడుగుతాయి, ద్రాక్షావల్లిని అడుగుతాయి. మూడూ మాకు వేరే పని ఉందంటాయి. చివరికి ముండ్లపొద సరేనంటుంది, నా నీడలో ఆశ్రయించండి అంటుంది. ముండ్లపొదకు నీడెక్కడిది? ఆ కథను ఇన్నేళ్ళూ ముండ్లపొద మీదకే తోసి ప్రసంగించాము. ఈ మధ్య మళ్ళీ చదివితే రెండు సంగతులు కొత్తగా తగిలాయి.

ఒకటి, ఆ మంచి చెట్ల సంగతి. మన ఊళ్ళోనూ నెమ్మదస్థులను ఎవరినైనా నిలబడమంటే "మనకెందుకండీ ఆ రొచ్చు" అంటారు. విశ్వాసులయితే ఇంకాస్త భక్తిగా అంటారు, మన పౌరసత్వం పరలోకమందున్నదని. అది నిజమే. కానీ మన మురుగు ఈ లోకపు డ్రెయిన్లోనే పారుతోంది. యోతాము కథలో మంచి చెట్లు రామన్నాయి. మన ఊళ్ళో ఒక మంచి చెట్టు తనంతట తానే ముందుకు వచ్చి నోటుపుస్తకం పట్టుకుని గుమ్మం ఎక్కితే మేమే టీ ఇచ్చి పంపేశాము.

రెండోది డబ్బు సంగతి. అబీమెలెకును రాజుగా చెయ్యడానికి షెకెము వారు డబ్బు ఎక్కడినుంచి తెచ్చారో చూడండి. బయల్బెరీతు గుడిలోనుంచి డెబ్బై తులాల వెండి తీసి ఇచ్చారు. ఆ వెండితో అతడు అల్లరిమూకను కూలికి పెట్టుకుని డెబ్బైమంది సహోదరులను చంపించాడు. అక్కడ సొమ్ము గుడినుంచి అభ్యర్థికి వెళ్ళింది, మన దగ్గర అభ్యర్థినుంచి మందిరానికి వచ్చింది. మందిరాన్ని బేరంలో పెట్టడం మాత్రం రెండు చోట్లా జరిగింది.

ఇప్పుడు లెక్క ఒకటి వేద్దాము. లెక్క అంటే భయపడకండి, చిన్నదే. మన పంచాయతీ ప్రెసిడెంటుకు ప్రభుత్వం ఇచ్చే గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. ఐదేళ్ళకు 1,80,000. మన ఊరంత పంచాయతీకి ఎన్నికల ఖర్చు పరిమితి లక్షన్నర. ఊళ్ళో ఉన్నవి 2,100 ఓట్లు. అందులో 1,400 మందికి వెయ్యి చొప్పున పంచినా 14 లక్షలు అవుతుంది. మందు, భోజనాలు, బస్సు టికెట్లు వేరే. 14 లక్షలు పెట్టినవాడు 1,80,000 కోసం పెట్టడు కదా. మిగతాది ఎక్కడినుంచి రావాలి? తూములోనుంచి, మంచినీళ్ళ ట్యాంకులోనుంచి, మామ్మగారి దారిలోనుంచి రావాలి. ఇక తీసుకున్నవారి వైపు చూస్తే, ఆ వెయ్యిని ఐదేళ్ళకు పంచితే రోజుకు 55 పైసలు కూడా పడదు. ఏశావు ఆకలి మీద ఉండి జ్యేష్ఠత్వం ఇచ్చేస్తే కనీసం ఆ పూటకు కడుపు నిండింది.

ఇక్కడ స్త్రీల కూడికలో ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న చాలా ముఖ్యమైనది. "అయ్యగారూ, డబ్బు ఇచ్చేటప్పుడు బైబిలు మీద చెయ్యి వేయించి ప్రమాణం చేయించుకుంటారు. ప్రమాణం తప్పితే పాపం కాదా?" ఈ ప్రశ్న అడిగింది మంచి మనస్సాక్షి ఉన్న మనిషి కాబట్టే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మన పెద్దలు నేర్పారు. ఆ మంచి గుణాన్నే పట్టుకుని వాళ్ళు ఆడుకుంటున్నారు. హేరోదు సంగతి జ్ఞాపకం చేసుకోండి. విందులో నాట్యం చూసి ముచ్చటపడి, ఏది అడిగినా ఇస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ పిల్ల యోహాను తల అడిగింది. రాజు దుఃఖపడ్డాడు గాని, ఒట్టు పెట్టుకున్నాను, కూర్చున్నవాళ్ళు చూస్తున్నారు అని ఇచ్చేశాడు. ఒట్టు నిలబెట్టుకున్నందుకు అతన్ని ఎవరైనా మెచ్చుకున్నారా? పాపానికి కట్టిన ఒట్టు విడిపించుకోవలసిందే, దేవుని యెదుట ఒప్పుకుని.

మరి డబ్బు తీసుకుని ఇష్టమొచ్చినవారికి వేస్తే సరిపోతుంది కదా అని యవ్వనస్థులు అంటారు. పెద్ద పెద్ద నాయకులు కూడా మైకుల్లో అలాగే చెబుతుంటారు. మాకు అది నచ్చదు. దొంగను మోసం చేస్తే పాపం లేదని పిల్లలకు నేర్పినట్టవుతుంది. చట్టం ప్రకారం చూసినా ఇచ్చినవారూ, తీసుకున్నవారూ ఇద్దరూ దోషులే, భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షను అదే చెబుతుంది. వద్దని చెప్పి పంపడమే మంచిది. కష్టమని తెలుసు. పొలం కౌలు వాళ్ళ దగ్గర, అప్పు వాళ్ళ దగ్గర ఉన్నవారు ముఖం మీద వద్దనలేరు. అటువంటివారిని మేము గద్దించము. పెట్టెలో కాగితం వేసేటప్పుడు పక్కన ఎవరూ ఉండరని, ఏ దేవుని పేరున భయపెట్టారో ఆ దేవుడు వారి పక్షాన లేడని మాత్రం గుర్తు చేస్తాము.

ఇక ముందు ఎవరు? నేరుగా అడుగుతున్నారు కాబట్టి నేరుగానే మా ఆలోచన చెబుతాము. పుల్పిట్ మీద మాత్రం ఎవరి పేరూ ఇక ఎప్పటికీ చెప్పము. ఇక్కడ కూడా పేర్లు రాయము.

ఒకరు ఇప్పటి ప్రెసిడెంటు గారే. స్త్రీలకు రిజర్వు అయితే వారి భార్య పేరు వస్తుందంటున్నారు. మన రాష్ట్రంలో సగం స్థానాలు ఆడవాళ్ళకు ఇచ్చింది సంతకం పెట్టించుకోవడానికి కాదు. ఆమె మాట మేము ఇంతవరకూ వినలేదు. ఆమె స్వయంగా వచ్చి మాట్లాడితే వింటాము.

రెండోవారు మన సంఘంలో పెరిగిన పిల్లవాడు. ఆదివారపు బడిలో మా దగ్గర కంఠత వాక్యాలు చెప్పినవాడు. కాంట్రాక్టులు చేసి నాలుగు డబ్బులు సంపాదించాడు. మన బిడ్డ, మనవాడు గెలిస్తే మనకు బలం అని పెద్దలు అంటున్నారు. మాకూ లోపల ఆ ఆశ ఉంది, దాచము. ఈలీ, సమూయేలు ఎంతటి దైవజనులో మనకు తెలుసు. వారి కుమారులు దైవజనుల ఇళ్ళలోనే పెరిగారు, ఏమయ్యారు? సమూయేలు కొడుకులు లంచాలు పుచ్చుకుని తీర్పు తారుమారు చెయ్యబట్టే జనం రాజును అడిగారు. మనవాడా అనే ప్రశ్న కంటే, వాడు చేసిన కాంట్రాక్టు పనులు ఎన్ని వానలకు నిలిచాయి అనే ప్రశ్న మాకు ఎక్కువ పనికొస్తుందనిపిస్తోంది. ఆ రోడ్లు మండలంలోనే ఉన్నాయి, వెళ్ళి చూడవచ్చు. పిల్లవాడితో కూడా ఈ మాటే అన్నాము. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

మూడోవారు ఆ నోటుపుస్తకం ఆవిడ. మళ్ళీ నిలబడతారో లేదో ఇంకా చెప్పలేదు. ఓడిపోయాక కూడా ఈ ఐదేళ్ళలో జరిగిన గ్రామసభలకు వెళ్ళి ఆ తూము సంగతి అడుగుతూ వచ్చారని పంచాయతీలో పనిచేసే మన సహోదరుడు చెప్పాడు. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒకే రోజున గ్రామసభలు పెట్టారు కదా, ఆ రోజు కూడా మన పేట తరపున మాట్లాడింది ఆవిడే. మన ఓటు పడని మనిషి మన సమాధుల తోట గురించి మాట్లాడుతుంటే మేము ఇంట్లో కూర్చుని ఆదివారం ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నాము.

నిర్గమకాండము పద్దెనిమిదిలో మోషేకు సలహా ఇచ్చిన యిత్రో మిద్యాను యాజకుడు, ఇశ్రాయేలీయుడు కాదు. సామర్థ్యం, దైవభయం, సత్యాసక్తి ఉండాలి, లంచమంటే అసహ్యం ఉండాలి అని కొలతలు చెప్పింది ఆయనే. పదిమంది మీద కూడా అటువంటివారినే పెట్టమన్నాడు. నెహెమ్యా అయితే పన్నెండేళ్ళు అధికారిగా ఉండి, అధికారికి రావలసిన భోజనపు భత్యం కూడా ముట్టుకోలేదు, జనం మీద భారం ఎక్కువగా ఉందని. గోడ పని దగ్గరే ఉన్నాడు. ఇటువంటి కొలత మన ఊరి ప్రెసిడెంటుకు ఎక్కువేమోనని కొందరు నవ్వుతారు. లక్షలు పెట్టి కొనుక్కునే కుర్చీకి ఎక్కువే మరి.

కుర్రాళ్ళకు ఒక పని చెప్పాము. కేంద్ర ప్రభుత్వం వారి ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో ఏ పంచాయతీ ఏ పనికి ఎంత చెల్లించిందో అందరికీ కనబడుతుంది. మొన్న యవ్వనస్థుల కూడిక అయ్యాక మన పంచాయతీ పేరు కొట్టి అందరూ కలిసి చూశారు. ఒక్క గంటలో వాళ్ళు అడిగిన ప్రశ్నలు మేము ఐదేళ్ళలో అడగలేదు. బయట ఊళ్ళలో ఉన్న పిల్లలూ, మీరు కూడా చూడండి. ఈసారి బస్సు టికెట్టు మీ డబ్బుతో కొనుక్కుని రండి.

ఇంక టైల్స్ సంగతి. సంఘ కమిటీ కూర్చుంది. ఒక పెద్దాయన "పీకి పారేద్దామా అయ్యగారూ?" అన్నారు, ఆయన నిజంగానే అన్నారు. చివరికి జక్కయ్య లాగా నాలుగింతలు ఇవ్వలేకపోయినా ఉన్నదున్నట్టు తిరిగి ఇవ్వాలని తీర్మానించాము. మేమూ అమ్మగారూ 20,000 వేశాము, మిగతాది కమిటీ పెద్దలు వేశారు. కానుక పెట్టెలో నుంచి ఒక్క రూపాయి తియ్యలేదు. 38,000 కవరులో పెట్టుకుని ప్రెసిడెంటు గారి ఇంటికి వెళ్ళాము. ఆయన తీసుకోలేదు. "నేను దేవుడికిచ్చాను పాస్టరు గారూ, మీకు కాదు. మీరు వెనక్కి ఎలా ఇస్తారు?" అన్నారు. మాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. కోపంగా అన్నారో, బాధగా అన్నారో కూడా మాకు అంతుపట్టలేదు. కవరు తెచ్చి కమిటీ ఖాతాలో విడిగా వేశాము. ఆ సొమ్ము ఏం చెయ్యాలో సంఘమే నిర్ణయించాలి. సమాధుల తోట దారికి గ్రావెలు తోలిద్దామని స్త్రీల సమాజం వారు అంటున్నారు. అది పంచాయతీ స్థలం గనుక అనుమతి కోరుతూ కార్యదర్శి గారికి అర్జీ పెట్టాము.

నోటుపుస్తకం ఆవిడ దగ్గరకు కూడా వెళ్ళాము. అమ్మగారు తోడు వచ్చారు. జరిగిందంతా చెప్పి క్షమాపణ అడిగాము. ఆవిడ చాట పక్కన పెట్టి విన్నారు. "మీ టైల్స్ పడ్డ రోజే తెలుసు పాస్టరు గారూ, నేను ఓడిపోతానని" అన్నారు. కాసేపాగి, "ఆ తూము ఇంకా అలాగే ఉందిగా" అన్నారు. టీ ఇచ్చారు.

ఈ శనివారం ఉదయం 6 గంటలకు ఆ దారిలో తుమ్మ కంపలు కొట్టడానికి వెళుతున్నాము. పండుగ ముందు సమాధులు శుభ్రం చేసుకునేది ఎలాగూ ఉంది. మా ఇంటికి వచ్చిన ఆ ఇద్దరికీ, నోటుపుస్తకం ఆవిడకూ ఒకే మాట చెప్పాము: ఓటు సంగతి మమ్మల్ని అడగవద్దు, మైకు ఉండదు, ఫోటోలు ఉండవు, ఆ రోజు వచ్చి మాతో డ్రెయిను దాకా నడవండి, జనాన్ని మీరే అడగండి. ఆవిడ వస్తానన్నారు. మన పిల్లవాడు చూస్తానన్నాడు. ఇంకొకరు ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయారు, పండ్ల బుట్ట మా వరండాలోనే ఉండిపోయింది. దాన్ని ఎవరిచేత తిరిగి పంపించాలా అని అమ్మగారు చూస్తున్నారు.

పారలు, కత్తులు ఉన్నవారు తెచ్చుకోండి. నీళ్ళు మందిరంలో పెడతాము.